రెండు పొలాల దారం

నా చిన్నప్పుడు మా ఊరి బండల గనిలో నాలుగు రోజుల పాటు చచ్చిన కుక్క కోసం వెతికారు. కంపు ఉంది గాని కుక్క కనపడలేదు. మా నాయన, ఆయనతో పాటు బండ కొట్టే పదిమందీ ముక్కులకు తలగుడ్డలు చుట్టుకుని పగుల్రాళ్ళ గుట్టలన్నీ తిరగేశారు. ఆ కంపు ఎక్కడి నుంచి వస్తోందో ఊరు మొత్తం మీద ముగ్గురికే తెలుసు. ఒకరు మా జేజి, ఒకరు నేను, మూడో ఆమె పోలండు దేశం నుంచి వచ్చిన మనిషి. ముగ్గురమూ నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదో చెప్పాలంటే ఆ ఏటి కరువు నుంచి మొదలుపెట్టాలి.

అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. మాది బేతంచెర్ల పక్కన చిన్న ఊరు. కాలు పెట్టిన చోటల్లా నాపరాయే. ఇంటి గోడ బండ, పైకప్పు బండ, పశువుల తొట్టి బండ, దొడ్డి చుట్టూ పాతిన కంచె కూడా బండే. జేజి అంటే మా నాయనను కన్న తల్లి. గనిలో పని మా నాయనది, పొలం పని జేజిది. ఊరి బయట ఆమెకు రెండెకరాల నల్లరేగడి ఉండేది. దాన్ని గుండ్ల పొలం అనేవారు, ఎందుకంటే దుక్కి దున్నినప్పుడల్లా మట్టి కంటే గుండ్లే ఎక్కువ పైకి వచ్చేవి. జేజి అందులో జొన్న వేసేది. గట్టు వెంబడి నాలుగు సాళ్ళు అవిసెలు చల్లేది, నూనె కోసం. ఆ పొలాన్ని గురించి ఎవరైనా ఒక్క మాట తక్కువగా అంటే ఆ మనిషితో ఆరు నెలలు మాట్లాడేది కాదు.

మా తాతల కాలం నుంచీ మేము క్రైస్తవులం. కోతలు అయిపోయాక మా గుడిలో కోతల పండుగ చేసేవారు. ఆ ఆదివారం ప్రతి ఇంటివాళ్ళూ తొలి పంట గంపలో పెట్టుకుని వరుసగా ముందుకు వెళ్ళాలి. అయ్యగారు ఒక్కొక్కరినీ "ఎవరి పొలం?" అని అడుగుతారు. మనిషి పేరు కాదు, పొలం పేరు చెప్పాలి. వంకగడ్డ పొలం, తుమ్మల పొలం, బోడిగట్టు పొలం. అయ్యగారు ఆ పేరును మళ్ళీ ఒకసారి పైకి పలికి దీవిస్తారు. మా జేజి "గుండ్ల పొలం" అని చెబితే ఆ గొంతు గుడి దాటి రచ్చబండ దాకా వినిపించేది. గంపకు ఒక అంచు ఆమె, రెండో అంచు నేను పట్టుకుని నడిచేవాళ్ళం. ఏడాదిలో తక్కిన మూడు వందల చిల్లర రోజులు నేను ఎవరికీ లెక్కలేని పిల్లనే గాని, ఆ ఒక్క ఆదివారం మహారాణినే.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. జొన్న మోకాలెత్తు లేచి, కంకి పట్టకుండానే ఎండిపోయింది. మంచు తాగి బతికిన అవిసెలు మాత్రం నాలుగు కాయలు కాశాయి. దులిపితే రెండు దోసిళ్ళ గింజలు వచ్చాయి, అవి మరుసటి ఏటి విత్తనానికే చాలవు. పండుగ ఇక మూడు వారాలుందనగా జేజి అన్నం దగ్గర కూర్చుని, "ఈసారి మీరు పోండి. వట్టి చేతులతో నేను గుడికి రాను" అంది. మా అమ్మ ఏదో చెప్పబోయింది. జేజి నీళ్ళ చెంబు ఎత్తి తాగి లేచిపోయింది. ఆమె ఒకసారి అన్నదంటే అంతే. జేజి రాకపోతే నాకు గంపా లేదు, నడకా లేదు. నేను ఆ పూట ఏడ్చాను, ఒప్పుకుంటున్నాను.

ఇక మూడో ఆమె సంగతి చెప్పాలి. అది యుద్ధకాలం. మిషను ఆస్పత్రి బంగళాలో ఉండే దొరసాని దగ్గరకు సాయానికని ఆరేడు నెలల కిందటే ఒక తెల్ల ఆడమనిషి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. వాళ్ళ దేశాన్ని అటొకరు ఇటొకరు ఆక్రమించుకుంటే, వీళ్ళ కుటుంబాన్ని బండిలో ఎక్కించి మంచు దేశాలకు తోలారట. అక్కడి నుంచి ఎన్నో దేశాలు దాటి ఓడలో బొంబాయి చేరి, కొల్హాపురం వైపు తమవాళ్ళ శిబిరంలో కొన్నాళ్ళుండి, చివరకు మా రాళ్ళ మధ్యకు వచ్చిపడింది. వచ్చిన మొదటి వారంలో ఎర్రటి ఎండలో ఆస్పత్రి అరుగు మీద కూర్చుని ఉంటే మా జేజి చూసి, యాడ నుంచి వచ్చినావమ్మా అని అడిగింది. ఆమె పోలండు అంది. జేజికి అర్థం కాలేదు. ఆమె తన భాషలో ఇంకో మాట చెప్పి, చేత్తో నేలను చదును చేసి చూపించి, "పొలె, పొలె" అంది.

"పొలం నుంచా? ఇంత ఎండలో పొలం నుంచి నడిచొచ్చినావా తల్లీ" అని మా జేజి మారు మాట అడగకుండా ఇంటికి పరుగెత్తింది. ముంత నిండా ఉప్పేసిన మజ్జిగ తెచ్చి తాగించింది. మా వైపు పొలం నుంచి వచ్చిన మనిషిని ముందు తాగనిచ్చి తర్వాతే మాట్లాడిస్తారు. ఆ సాయంత్రం దొరసాని ఇది విని పడీపడీ నవ్వి, ఆమె పొలం నుంచి రాలేదు, ఏడు సముద్రాల అవతలి దేశం నుంచి వచ్చిందని చెప్పింది. తమాషా ఏమిటంటే ఆమె భాషలో పొలె అంటే పొలమేనట. వాళ్ళ దేశానికి ఆ పేరు వచ్చిందీ అందులోంచేనట. మా జేజి అప్పుడు దొరసాని వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. నేను ముందే చెప్పలేదా అన్నట్టు ఉంది ఆ చూపు. అప్పటి నుంచి ఊరంతటికీ ఆమె పొలమ్మ అయిపోయింది.

పొలమ్మ మా యాసలోనే తెలుగు నేర్చుకుంది. నేర్పింది బంగళా వంటామె, పిల్లలమూ కాబట్టి ఇంకెలా వస్తుంది. జేజి గుడికి రానన్న మరునాడు పొలమ్మ మా ఇంటికి వచ్చేసరికి, జేజి గింజలు దులిపేసిన అవిసె కాడలను పొయ్యి దగ్గర పేరుస్తోంది. పొలమ్మ ఒక కాడ తీసి వాసన చూసింది. గోటితో గీరింది. గబగబా మోపు మొత్తం జేజి చేతుల్లోంచి లాక్కుంది.

"జేజీ, మంట వద్దు. దీంట్లో గుడ్డ ఉండాది."

"గడ్డిలో గుడ్డ ఉండాదంట, ఇనండి" అంది జేజి.

నవ్వడానికి అన్నా, ఆమె మోపును తిరిగి లాక్కోలేదు. గోగు కాడలను నానబెట్టి నార తీయడం మాకూ తెలుసు. ఇంత సన్న అవిసె కాడలో నార ఉంటుందని, అది బట్ట నేసేంత మెత్తగా ఉంటుందని మా వైపు ఎవరికీ తోచలేదు. మాకు అవిసె అంటే నూనె. వాళ్ళ సీమలో అవిసె అంటే చొక్కా, దుప్పటి, పెళ్ళికూతురి తలగుడ్డ. పొలమ్మ తన లంగా అంచు తిప్పి చూపించింది. గరుకుగా, మెరుస్తూ ఉంది. అది వాళ్ళ అమ్మ వడికిన దారమట. జేజి ఆ అంచును వేళ్ళ మధ్య పెట్టుకుని చాలాసేపు నలిపి చూసింది. గుడ్డకు కంట్రోలు పెట్టిన రోజులవి. గుడిలో బల్ల మీద పరిచే తెల్లగుడ్డ అంచు చిరిగి వేలాడుతుంటే కుట్టడానికి మంచి దారం దొరకలేదు. జేజి నా వైపు తిరిగి, "ఎవురితో అనొద్దు. దారం రాకపోతే ఊరంతా నవ్వుతాది" అంది. దానర్థం నాకు తెలిసిపోయింది. దారం వస్తే జేజి గుడికి వస్తుంది.

తాగే నీళ్ళకే మైలు నడిచే ఏడాది, కాడలు నానబెట్టడానికి నీళ్ళెక్కడివి? గనిలో తవ్వి వదిలేసిన పాత గుంత ఒకటి ఉండేది. అందులో పశువులు కూడా ముట్టని ఊటనీళ్ళు ఉండేవి. ఒక మధ్యాహ్నం గనివాళ్ళు సంగటి తినే వేళ చూసి మేము ముగ్గురం నాలుగు మోపులు అందులో ముంచి, పైన బండచెక్కలు పెట్టాం. రోజూ ఒక కాడ తీసి వంచి చూడటం నా పని. కాడ లోపలి పుల్ల విరిగి, పైనున్న నార విరగకుండా విడివడితే పని అయినట్టు. నేను తడి కాడ తెచ్చి ఇస్తే పొలమ్మ వంచి, "ఇంగా లేదు" అనేది. మూడో రోజుకు కంపు మొదలైంది. ఆ ఏడు గోగు ఎవరూ వేయలేదు గనుక నానిన నార వాసన అని ఎవరికీ అనుమానం రాలేదు. కుక్క అనుకున్నారు. మా అమ్మ రాత్రి అన్నం వడ్డిస్తూ ఆ పాడు కుక్క ఎక్కడ చచ్చిందో అని తిట్టినప్పుడల్లా మా జేజి కూడా గొంతు కలిపి తిట్టేది. ఆమెలో అంత నటన ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఆరో రోజు నేను గుంతలోకి చెయ్యి పెట్టి ఉండగా నా మీద నీడ పడింది. మా నాయన. చేతిలో గడ్డపార. ఆయన గడ్డపారతో బండచెక్కను పక్కకు నెట్టి చూశాడు. జేజి అనొద్దన్నది ఎవరితోనైనా అనొద్దన్నదే, కాని నాయన ఎదురుగా నిలబడితే నా నోరు ఎలా ఆగుతుంది. జొన్న పోయిందని, జేజి గుడికి రానందని, గడ్డిలో గుడ్డ ఉందని, అన్నీ తలకిందులుగా చెప్పేశాను. దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూస్తే ఆయన బండ మీద కూలబడి, కళ్ళ వెంట నీళ్ళు వచ్చేలా నవ్వుతున్నాడు. తర్వాత లేచి, తనతో పనిచేసేవాళ్ళ వైపు తిరిగి కేక వేశాడు. "కుక్క దొరికినాదప్పా. పూడ్చేసినా."

మా నాయన అబద్ధం ఆడటం నేను చూసింది ఆ ఒక్కసారే. మోపులు ఇంకా నీళ్ళలోనే ఉన్నాయి, అయినా కాసేపటికే గనిలో అందరూ ఇప్పుడు గాలి ఎంత బాగుందో అని ఒకరికొకరు చెప్పుకున్నారు. నేను ఆ రోజు తీసిన కాడ వంచితే పుల్ల టక్కున విరిగింది, నార నిలిచింది.

ఎండబెట్టిన కాడలను మా నాయనే కొయ్యసుత్తితో బండ మీద నలగ్గొట్టాడు. రాయి పగలగొట్టే చేతులు అంత సుతారంగా పనిచేయగలవని మా అమ్మ కూడా ఆశ్చర్యపోయింది. పొలమ్మ చెక్కకు మేకులు కొట్టి దువ్వెన చేసింది. చివరి దువ్వుడుకు అంతకంటే సన్నదువ్వెన కావాలంటే జేజి తన పేలదువ్వెనను ఉడకబెట్టి ఇచ్చింది. నాలుగు మోపుల కాడలకు మిగిలింది ఒక ముడి జుట్టంత నార. "నా కొప్పు ఊడదీసి పెట్టినట్టుండాది" అంది జేజి. నిజంగానే ఆ రంగే, ఆ మెరుపే.

ఇక పండుగ ఐదు రోజుల్లోకి వచ్చింది. పొలమ్మ కర్రకు నార చుట్టి, జేజి దగ్గరి కదురు తీసుకుని వడకడం మొదలుపెట్టింది. రెండు మూరలు తీసిందో లేదో, వేళ్ళు నోట్లో పెట్టి ఉమ్మితో తడుపుకుంది. అవిసె నార పొడిగా వడికితే పోగులు లేస్తాయి, తడి చేయాలి. వాళ్ళ సీమలో అందరూ అలాగే చేస్తారట. మా జేజి ముఖం మాడిపోయింది.

"ఎంగిలి. దేవునికి ఎంగిలి పెడతామా?"

పొలమ్మ నా వైపు చూసింది. ఎంగిలి అంటే ఏమిటో చెప్పడానికి నేను పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఆమె భాషలో ఆ మాటే లేదు. నోరు తగిలింది ఇంకొకరికి పెట్టకూడదని చెబితే, తల్లి కొరికి బిడ్డకు పెట్టదా అని అడిగింది. వట్టి నీళ్ళతో తడిపి చూసింది. నీళ్ళు ఆరగానే దారం ముళ్ళపందిలా నిక్కబొడుచుకుంది. జేజి కదురు లోపల పెట్టేసి పడసాలలో గోడకు ఆనుకుని కూర్చుంది. పొలమ్మ అరుగు మీద కూర్చుంది. ఒకరికి దేవుడి మర్యాద, ఇంకొకరికి తల్లి నేర్పిన పని, ఎవరూ తగ్గేది లేదు. ఒక రోజంతా నేను లోపలికీ బయటికీ తిరిగాను. ఇద్దరూ నాతో మాట్లాడారు గాని ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

మరునాడు మా ఆవుకు కడుపు బిగిసింది. అలాంటప్పుడు గుప్పెడు అవిసె గింజలు నానబెట్టి ఆ జిగురు తాగించడం మా వైపు మందు. జేజి విత్తనాల మూటలోంచి గింజలు తీసి నానబెట్టి, కాసేపయ్యాక చేత్తో పిసికింది. పిసుకుతూ పిసుకుతూ ఆగిపోయింది. చెయ్యి పైకెత్తి వేళ్ళ మధ్య సాగుతున్న ఆ జిగురును చూసింది. ఆవును అలాగే వదిలేసి, లోపలికి వెళ్ళి కదురు తెచ్చి, వేళ్ళకు ఆ జిగురు రాసుకుని నారను తిప్పింది. పోగు ఒక్కటి లేవలేదు. నూనె రాసినట్టు నున్నగా వచ్చింది దారం.

ఆమె జిగురు గిన్నె కూడా పట్టుకుని వెళ్ళి, ఆ దారాన్ని అరుగు మీద పొలమ్మ ఒడిలో పెట్టింది. పొలమ్మ దాన్ని లాగి చూసి, గిన్నెలో వేళ్ళు ముంచి తానూ ఒక మూర వడికింది. ముందు నవ్వింది. తర్వాత రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చింది. "మా జేజి, ఆమె జేజి, అందరూ ఉమ్మి పెట్టి వడికినారు. చలికి పెదాలు పగిలి నెత్తురు కారేది. గింజ ఆడనే ఉండాది, ఎవురూ చూడలేదు" అంది. మా జేజి పక్కన కూర్చుని ఆమె వీపు నిమిరింది. ఆవుకు మందు తాగించింది మాత్రం నేనే, ఇంకెవరికీ గుర్తురాలేదు.

ఆ మిగిలిన రోజులు ఇద్దరూ వంతులేసుకుని వడుకుతుంటే పొలమ్మ తన సీమ సంగతులు చెప్పింది. వాళ్ళ వైపు నేల పళ్ళెంలా చదునట. వాకిట్లో మెట్టుకు ఒక రాయి కావాలంటే బండి కట్టుకుని పోయి తెచ్చుకోవాలట. రాయి లేని ఊరు ఉంటుందని నేను నమ్మలేదు, ఒట్టు వేయించుకున్నాను. ఇళ్ళు కొయ్యవి, పైన గడ్డి కప్పు. ఇంటి మీద పాత బండిచక్రం పెడితే పొడుగు కాళ్ళ కొంగలు వచ్చి గూడు కట్టేవట, కొంగ రాని ఇంటికి ఆ ఏడు దిగులట. ఆడవాళ్ళ లంగాల మీద చారలుంటాయి, ఆ చారల వరస చూసి ఈమె ఏ ఊరి పిల్లో దారిన పోయేవాళ్ళు చెప్పేస్తారట. రంగు కాగితాలను కత్తెరతో కోడిపుంజులుగా కత్తిరించి గోడలకు అంటిస్తారట. నాకు ఒక పుంజును అక్కడికక్కడే కత్తిరించి ఇచ్చింది. ఆస్పత్రి మందు పొట్లం కాగితంతో చేసిన పుంజు, కాబట్టి దాని తోక మీద రోజుకు మూడుసార్లు అని రాసి ఉండేది.

వాళ్ళ దేశాన్ని ముగ్గురు రాజులు పంచుకుని, నూరేళ్ళకు పైగా ఆ పేరే లేకుండా చేశారట. బడిలో సొంత భాష పలికితే బెత్తం. అప్పుడు ముసలివాళ్ళు చలికాలం అవిసె వడికే ఇళ్ళలో పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని అక్షరాలు నేర్పేవారట. తనిఖీకి ఎవరైనా వస్తే పుస్తకాన్ని నార మోపు కింద దాచేవారట. ఇది విని మా నాయన, మనల్నీ నైజాం నవాబు తెల్లవాళ్ళకు ఇచ్చేసినందుకే దత్తమండలం అన్నారని, రాయలసీమ పేరు మొన్నమొన్న పెట్టుకున్నదేనని బడిపంతులు చెప్పాడని అన్నాడు. "మనల్ని అడగకుండా ఇచ్చేదానికి మనమేమన్నా పెరట్లో గుమ్మడికాయలమా" అంది జేజి. పొలమ్మకు ఆ మాట ఎంత నచ్చిందో, నాతో రెండుసార్లు చెప్పించుకుని నేర్చుకుంది.

ఆదివారం తెల్లారింది. దారమంతా చుట్టితే కోడిగుడ్డంత ఉండ అయింది. జేజి దాన్ని చేటలో పెట్టింది. చేటకు ఒక అంచు ఆమె, ఒక అంచు నేను. ఆ కరువులో కూడా ముందు నడిచినవాళ్ళ గంపల్లో ఎంతో కొంత ధాన్యం ఉంది. మా చేటలో చిన్న ఉండ చూసి ఆడవాళ్ళు మెడలు సాచారు. అయ్యగారు ఆ ఉండను చూసి, జేజిని చూసి, అలవాటు ప్రకారం అడిగారు. "ఎవరి పొలం?"

గుండ్ల పొలం అనే మాట కోసం నేను ఎదురుచూస్తున్నాను, రావడం లేదు. జేజి చేట మొత్తం నా చేతుల్లో పెట్టేసి, వెనక్కి తిరిగి, గుడి పొడుగునా నడిచి వెళ్ళింది. చివరి వరుసలో తలగుడ్డ కట్టుకుని కూర్చున్న పొలమ్మ చెయ్యి పట్టి లేపి, ముందుకు తెచ్చి నిలబెట్టింది.

"అయ్యగారూ, ఇది రెండు పొలాలది" అంది జేజి. "ఒకటి గుండ్ల పొలం. ఇంకోటి ఈయమ్మది. శానా దూరం ఉండాది. యుద్ధం మింగేసినాది గాని పేరు ఉండాది. ఈయమ్మే చెప్తాది."

పొలమ్మ తన భాషలో పొలం పేరు చెప్పింది, సన్నగా. అయ్యగారికి వినపడలేదు. మళ్ళీ చెప్పింది, ఈసారి మా జేజి చెప్పినంత గట్టిగా. ఆ పేరు మాలో ఎవరికీ నోరు తిరిగేది కాదు. అయ్యగారు రెండుసార్లు తడబడి, మూడోసారి సరిగ్గా పలికి, వంకగడ్డ పొలాన్నీ తుమ్మల పొలాన్నీ దీవించినట్టే ఆ పొలాన్ని కూడా దీవించారు. ఆ పేరును ఇల్లు విడిచాక ఎవరూ తనను అడగలేదని, ఊరు అడిగారు, దేశం అడిగారు, కాగితాలు అడిగారు గాని పొలం పేరు అడగలేదని పొలమ్మ ఆ సాయంత్రం నాతో అంది. కొంగలు దిగే పొలం అని ఆ పేరుకు అర్థమట.

ఆ దారంతోనే గుడి బల్లమీది గుడ్డ అంచు కుట్టారు. గుడ్డ పాతబడింది గాని ఆ కుట్టు నేను పెళ్ళై పోయేదాకా ఊడలేదు. యుద్ధం అయిపోయాక పొలమ్మ బేతంచెర్ల స్టేషనులో రైలెక్కి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు మా జేజి గుప్పెడు అవిసె గింజలు ఆమె లంగా అంచులో పెట్టి కుట్టింది. అవి ఎక్కడ మొలిచాయో తెలియదు, ఎక్కడో మొలిచాయనే నేను అనుకుంటాను.

ఇప్పుడు మా వైపు బండలు పాలిష్ చేసే మిల్లుల్లో పనికి ఎక్కడెక్కడి వాళ్ళో వస్తున్నారు. మా భాష వాళ్ళకు రాదు, వాళ్ళది నాకు రాదు. ఎండన పడి మా ఇంటి ముందు నుంచి పోయేవాళ్ళను పిలిచి నేను ముందు మజ్జిగ ఇస్తాను. మా మనవళ్ళు ఊరూ పేరూ అడుగుతారు, వాళ్ళు నిలబడే ఒక్క మాటలో చెప్పి గ్లాసు దించుతారు. నేను సైగలతోనో, ఎవరి చేతనైనా చెప్పించో, మీ పొలం పేరేందప్పా అని అడుగుతాను. అప్పుడు కూర్చుంటారు.